కర్మ, దర్శనం: విజ్ఞాన కల్పనా చిత్రానికీ భయానక చిత్రానికీ నడుమ సరిహద్దు

1931 నవంబరులో అమెరికాలో విడుదలైన 'ఫ్రాంకెన్‌స్టైన్' చిత్రం సినిమా చరిత్రలలో రెండు చోట్ల కనిపిస్తుంది. భయానక చిత్రాల చరిత్ర రాసేవారు దానిని అదే సంవత్సరం వచ్చిన 'డ్రాకులా' పక్కన నిలుపుతారు. విజ్ఞాన కల్పనా చిత్రాల చరిత్ర రాసేవారు 1927 నాటి జర్మన్ చిత్రం 'మెట్రోపోలిస్' తరువాత దానిని ప్రస్తావిస్తారు. ఉభయులూ పొరబడలేదు. శవాల అవయవాలను కూర్చి, పిడుగుల నుంచి పట్టిన విద్యుత్తుతో ప్రాణం పోసే శాస్త్రజ్ఞుడు ఆ చిత్రంలో ఉన్నాడు. వెనుకకు నడుస్తూ గుమ్మంలోకి వచ్చి మెల్లగా ముఖం తిప్పే వికృతాకారమూ అందులోనే ఉంది. ఒకే చిత్రం రెండు ప్రక్రియలకు చెందడం వింత కాదు. ఆ చిత్రంలో ఏ ఘట్టం దగ్గర ఒక ప్రక్రియ ముగిసి మరొకటి మొదలవుతున్నదో చెప్పగల ప్రమాణం ఏమిటన్నదే చర్చనీయాంశం.

తెలుగు విమర్శకు ఈ ప్రశ్న కేవలం వర్గీకరణకు సంబంధించినది కాదు. విజ్ఞాన కల్పన అనగానే శాస్త్రీయ దృక్పథం, భయానకం అనగానే మూఢ విశ్వాసం అన్న సమీకరణం మన సమీక్షలలో చాలాకాలంగా స్థిరపడి ఉంది. ఒక చిత్రాన్ని మొదటి వర్గంలో చేర్చితే అది గౌరవం, రెండవ వర్గంలో చేర్చితే అది తీర్పు. సరిహద్దు ఎక్కడుందో తేల్చకుండా ఇచ్చే తీర్పు ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించవలసి ఉంది. అందుకు ముందుగా ఈ రెండు పేర్లు పుట్టిన చోటికి, అంటే అమెరికా, బ్రిటన్ సినిమా రంగాలకు వెళ్లాలి.

పేర్ల చరిత్ర

'సైన్స్ ఫిక్షన్' అనే పేరు సినిమాలో పుట్టలేదు, పత్రికలో పుట్టింది. హ్యూగో గెర్న్స్‌బాక్ 1926 ఏప్రిల్‌లో 'అమేజింగ్ స్టోరీస్' పత్రికను ప్రారంభించినప్పుడు ఆ రచనలకు 'సైంటిఫిక్షన్' అని పేరు పెట్టారు. నోరు తిరగని ఆ మాట స్థానంలో 'సైన్స్ ఫిక్షన్' 1929 తరువాత వాడుకలోకి వచ్చింది. 'హారర్' సంగతి వేరు. 1931లో యూనివర్సల్ సంస్థ తీసిన 'డ్రాకులా', 'ఫ్రాంకెన్‌స్టైన్' రెండూ విజయవంతమైన తరువాతనే అది సినిమా వ్యాపారంలో ఒక సరుకు పేరుగా నిలదొక్కుకుంది. బ్రిటన్ సెన్సారు మండలి 1932లో ఇటువంటి చిత్రాలకు 'హెచ్' అనే హెచ్చరికను ప్రవేశపెట్టి, 1937లో దానిని ప్రత్యేక సర్టిఫికెట్‌గా మార్చింది. ఒక ప్రక్రియ పేరులోని మొదటి అక్షరమే ప్రభుత్వేతర నియంత్రణకు ముద్ర కావడం సాహిత్య చరిత్రలో అరుదైన విషయం.

కాబట్టి 1930లలో ప్రేక్షకునికి 'హారర్' అనే పేరు అందుబాటులో ఉంది, 'సైన్స్ ఫిక్షన్ చిత్రం' అనే పేరు లేదు. హెచ్.జి. వెల్స్ నవలలు తెరకెక్కిన తీరు చూస్తే దీని పర్యవసానం తెలుస్తుంది. 1896 నాటి 'ద ఐలాండ్ ఆఫ్ డాక్టర్ మోరో' 1932లో 'ఐలాండ్ ఆఫ్ లాస్ట్ సోల్స్'గా వచ్చింది. 1897 నాటి 'ది ఇన్విజిబుల్ మ్యాన్' అదే పేరుతో 1933లో 'ఫ్రాంకెన్‌స్టైన్' దర్శకుడు జేమ్స్ వేల్ చేతుల మీదుగా వచ్చింది. గ్రంథాలయంలో ఇవి విజ్ఞాన కల్పనకు మూలగ్రంథాలు. సినిమాహాలులో మాత్రం ఇవి భయానక చిత్రాలు. మొదటిది బ్రిటన్‌లో 1958 దాకా నిషేధంలో ఉండిపోయింది.

'సైన్స్ ఫిక్షన్' తెరమీద సొంత పేరు సంపాదించుకున్నది 1950లోనే. ఆ సంవత్సరం జార్జ్ పాల్ నిర్మించిన 'డెస్టినేషన్ మూన్' రాకెట్ ప్రయాణాన్ని దాదాపు ఇంజనీరింగ్ పాఠంలా చూపించింది. 1951లో 'ద డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్', 'ద థింగ్ ఫ్రమ్ అనదర్ వరల్డ్' వచ్చాయి. యాదృచ్ఛికమే కావచ్చు గాని, బ్రిటన్‌లో 'హెచ్' సర్టిఫికెట్ రద్దయి 'ఎక్స్' వచ్చిందీ 1951లోనే. ఒక పేరు చెరిగిపోతున్న వేళ మరొక పేరు లేచింది.

ఈ చరిత్రను బట్టి పేర్లను నమ్ముకొని సరిహద్దు గీయడం సాధ్యం కాదని తేలుతుంది. సిద్ధాంతకారులు ఇతర మార్గాలు వెదికారు. డార్కో సువిన్ 1979లో విజ్ఞాన కల్పనను జ్ఞానపరమైన అపరిచితీకరణగా నిర్వచించారు. కల్పితమైన కొత్త విషయం హేతుబద్ధంగా నిలవాలన్నది ఆ నిర్వచనంలోని నియమం. సాహిత్యానికి అది పదునైన సాధనమే గాని, తెర మీద వెంటనే మొద్దుబారుతుంది. సుసాన్ సోంటాగ్ 1965 నాటి వ్యాసంలోనే ఈ చిత్రాలు విజ్ఞానం గురించినవి కావనీ, విపత్తు గురించినవనీ గుర్తించారు. నోయెల్ కారల్ 1990లో ప్రచురించిన గ్రంథంలో భయానకానికి భయం, జుగుప్స అనే రెండు భావాల కలయికను లక్షణంగా చెప్పారు. సమకాలీన విజ్ఞానం అంగీకరించని ప్రాణి ఆ భావాలకు ఆలంబనం కావాలన్నారు. ఆ లక్షణం ప్రకారం గ్రహాంతర జీవులున్న చిత్రాలలో పెద్ద భాగం భయానకంలోకి వెళ్లిపోతుంది. కారల్ దానికి సంకోచించలేదు కూడా. అయితే 'ద డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్'లోని గ్రహాంతరవాసి ఎందుకు భయానకం కాడో, 'ద థింగ్'లోని గ్రహాంతరవాసి ఎందుకు అవుతాడో చెప్పడానికి ఆలంబనం ఒక్కటే చాలదు.

భరతుని జంటలు

నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో భరతుడు ఎనిమిది రసాలను చెప్పి, వాటిలో నాలుగింటిని ఉత్పత్తి హేతువులుగా వేరుచేశాడు. శృంగారం నుంచి హాస్యం, రౌద్రం నుంచి కరుణం, వీరం నుంచి అద్భుతం, బీభత్సం నుంచి భయానకం పుడతాయి. ఈ నాలుగు జంటలలో మొదటి రెండింటి మీద జరిగినంత చర్చ చివరి రెండింటి మీద జరగలేదు. ప్రస్తుత విషయానికి అవే కీలకం. భరతుడు ఈ సంబంధాన్ని వివరించిన తీరులో ఒక సూక్ష్మమైన భేదం ఉంది. వీరుని కర్మ ఏదో అది అద్భుతం. బీభత్సం యొక్క దర్శనం ఏదో అది భయానకం. ఒక జంటను కలిపేది చేత, మరొక జంటను కలిపేది చూపు.

ఈ భేదాన్ని ఆయా రసాల విభావాలతో కలిపి చదివితే మరింత స్పష్టమవుతుంది. వీరానికి భరతుడు చెప్పిన విభావాలలో బలపరాక్రమాల కన్న ముందు అసమ్మోహం, అధ్యవసాయం వస్తాయి. మోహం చెందని బుద్ధి, పట్టు విడవని నిశ్చయం. ప్రయోగశాలలోని మనిషికి వీటికన్న సరిపోయే లక్షణాలు లేవు. అద్భుతానికి చెప్పిన విభావాలలో దివ్యదర్శనంతో పాటు సభ, విమానం, మాయ, ఇంద్రజాలం ఉన్నాయి. భయానకానికి చెప్పినవి వికృతమైన ధ్వని, భూతదర్శనం, నక్కల, గుడ్లగూబల అరుపుల వల్ల కలిగే జడుపు, శూన్యగృహం, అరణ్యం.

దీనిని బట్టి ఒక ప్రతిపాదన చేయవచ్చు. తెలియనిదానిని గురించిన తెలివిడి కర్మగా మారే అవకాశం ఉన్నంతవరకు చిత్రం వీరాద్భుతాల జంటలో, అంటే విజ్ఞాన కల్పనలో ఉంటుంది. తెలివిడి కలిగినా అది చేతకు అందక చూపు దగ్గరే నిలిచిపోయిన క్షణాన చిత్రం బీభత్స భయానకాల జంటలోకి, అంటే హారర్‌లోకి దాటుతుంది. కారణం దైవికమా భౌతికమా అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ప్రాణి అందమైనదా వికృతమైనదా అన్నదీ నిర్ణాయకం కాదు.

'ఫ్రాంకెన్‌స్టైన్'లోని సరిహద్దు ఇప్పుడు కనిపిస్తుంది. మేరీ షెల్లీ 1818 నవలలో ప్రాణి కన్ను తెరిచిన మరుక్షణమే దాని సృష్టికర్త ఏహ్యతతో గది విడిచి పారిపోతాడు. ప్రాణం పోసిన పద్ధతిని నవల దాచిపెడుతుంది. కర్మ తెరచాటున ఉండి దర్శనం మాత్రమే పాఠకునికి దక్కుతుంది. 1931 చిత్రం దీనిని తలకిందులు చేసింది. కెనెత్ స్ట్రిక్‌ఫాడెన్ సమకూర్చిన విద్యుత్ పరికరాల నిప్పురవ్వల నడుమ, పైకప్పు దాకా లేచే బల్ల మీద, సృష్టి అంతా కళ్లెదుటే జరుగుతుంది. చేయి కదిలినప్పుడు శాస్త్రజ్ఞుడు ఉన్మత్తమైన ఉత్సాహంతో కేకలు వేస్తాడు. ఉత్సాహం వీరానికి స్థాయి. ఆ ఘట్టం పూర్తిగా అద్భుతం. కొద్దిసేపటికి బోరిస్ కార్లోఫ్ ముఖం తెర నిండా కనిపించినప్పుడు చిత్రం అవతలి ఒడ్డున ఉంటుంది. చిత్రం మొదట్లోనే తెర ముందుకు ఒక పెద్దమనిషి వచ్చి ప్రేక్షకులను జాగ్రత్త పడమని హెచ్చరించడం ఆ ఒడ్డును ఉద్దేశించే.

ఒక కథ, రెండు చిత్రాలు

ఈ ప్రతిపాదనను పరీక్షించడానికి ఒకే మూలం నుంచి వచ్చిన రెండు చిత్రాలు కావాలి. జాన్ డబ్ల్యు. కాంప్‌బెల్ 1938 ఆగస్టులో, డాన్ ఎ. స్టువార్ట్ అనే కలంపేరుతో, తానే సంపాదకునిగా ఉన్న 'అస్టౌండింగ్ సైన్స్ ఫిక్షన్' పత్రికలో 'హూ గోస్ దేర్?' అనే పెద్ద కథ ప్రచురించారు. అంటార్కిటికాలోని పరిశోధక బృందానికి మంచులో గడ్డకట్టిన గ్రహాంతర ప్రాణి దొరుకుతుంది. ఏ జీవినైనా మింగి, అచ్చం ఆ జీవిగా మారగలగడం దాని స్వభావం. ఎవరు మనిషి, ఎవరు కాదు? దాని శరీరంలోని ప్రతి భాగమూ విడిగా ఒక ప్రాణి గనుక రక్తం సైతం కాల్చబోతే తప్పించుకోజూస్తుందన్న తర్కంతో ఒక పరీక్ష రూపొందుతుంది. పరీక్ష పని చేస్తుంది. మనుషులు గెలుస్తారు. పైగా ఆ ప్రాణి రహస్యంగా నిర్మించిన శక్తి యంత్రమూ, గురుత్వాకర్షణను ఎదిరించే పరికరమూ వారికి దక్కుతాయి. భయం ఎంత చిక్కగా ఉన్నా కథ ముగింపు లాభంతోనే.

1951లో హోవార్డ్ హాక్స్ నిర్మించగా క్రిస్టియన్ నైబీ పేరుతో వచ్చిన చిత్రం రూపానుకరణ అనే మూలసూత్రాన్నే వదిలేసింది. స్థలం ఉత్తర ధ్రువ ప్రాంతానికి మారింది. ప్రాణి మనిషి ఆకారంలో ఉన్న ఒక విధమైన వృక్షజాతి. అందులోని రెండు ఘట్టాలు ఈ చర్చకు అవసరం. మొదటిది, మంచు కింద నల్లగా కనిపిస్తున్న వస్తువు అంచుల మీద సైనికులు, శాస్త్రజ్ఞులు చేతులు చాచి నిలబడి దాని ఆకారాన్ని కొలిచే ఘట్టం. ఒక్కొక్కరూ సర్దుకుంటూ పోగా తాము వలయాకారంలో నిలబడి ఉన్నామని అందరికీ ఒకేసారి తెలుస్తుంది. మనుషులు తమ శరీరాలనే కొలబద్దలుగా చేసుకుని ఒక సత్యాన్ని కనుగొన్న ఈ దృశ్యం విజ్ఞాన కల్పనా చిత్ర చరిత్రలోని ఉత్తమ ఘట్టాలలో ఒకటి. భరతుని విమానం కంటబడింది, అదీ మనుషుల చేత ద్వారా.

రెండవది హాస్యంతో కూడినది. తుపాకులకు లొంగని ఆ ప్రాణిని ఏం చేయాలని పురుషులంతా తలలు పట్టుకున్నప్పుడు, కూరగాయను ఏం చేస్తామో దీన్నీ అదే చేయాలని, ఉడికించడమో వేయించడమో అని, నిక్కీ అనే స్త్రీ పాత్ర సూచిస్తుంది. అది వృక్షజాతి అన్న తెలివిడి వంటింటి మీదుగా తిరిగి వచ్చి ఆయుధమైంది. మొదట కిరసనాయిలు మంట, చివరికి విద్యుత్తు. డాక్టర్ కారింగ్టన్ అనే శాస్త్రజ్ఞుడు మాత్రం ఆ ప్రాణిని రక్షించి దాని నుంచి నేర్చుకోవాలంటాడు. రక్తం పోసి దాని మొలకలను పెంచుతాడు. ఈ పాత్ర వల్ల ఆ చిత్రాన్ని విజ్ఞాన వ్యతిరేకమని చాలామంది తేల్చారు. అది తొందరపాటు. కెప్టెన్ హెండ్రీ బృందం చేసేదీ విజ్ఞానమే. పరికల్పన చేయడం, ప్రయత్నించడం, విఫలమైతే సవరించుకోవడం వారి పద్ధతి. కారింగ్టన్ లోపం అతి విజ్ఞానం కాదు. అతడు దర్శనంతోనే తృప్తి పడినవాడు. ఆ ప్రాణిని చూస్తూ నిలబడిపోయినందుకే అది ఒక్క దెబ్బతో అతణ్ణి పక్కకు విసిరేస్తుంది.

1982 జూన్ 25న విడుదలైన జాన్ కార్పెంటర్ 'ద థింగ్' కాంప్‌బెల్ కథకు మరింత విధేయమైనది. అంటార్కిటికా తిరిగి వచ్చింది, రూపానుకరణ తిరిగి వచ్చింది, రక్తపరీక్ష తిరిగి వచ్చింది. విజ్ఞానం పాలు 1951 చిత్రంలో కన్న ఇందులోనే ఎక్కువ. శవపరీక్ష ఉంది, కంప్యూటరు ఉంది. వివరణే ప్రమాణమైతే ఇది మరింత విజ్ఞాన కల్పన కావాలి. కాని దీనిని చూసిన ఎవరూ భయానక చిత్రం కాదనలేరు.

బ్లెయిర్ అనే జీవశాస్త్రజ్ఞుని ఉదంతం దీనికి కారణం చెబుతుంది. ఆ ప్రాణి స్వభావాన్ని మొదట అర్థం చేసుకున్నది అతడే. జనావాసాలను చేరితే 27,000 గంటలలో ప్రపంచమంతా దాని వశమవుతుందని అతని కంప్యూటరు లెక్క కడుతుంది. లెక్కలో తప్పు లేదు. ఆ లెక్క తెలిసిన తరువాత అతడు చేయగలిగింది హెలికాప్టరును, రేడియోను ధ్వంసం చేయడమే. అందరికన్న ఎక్కువ తెలిసినవాడు అందరికన్న ముందు మతి తప్పుతాడు. ఇక రక్తపరీక్ష. మాక్‌రెడీ కాల్చిన తీగను ఒక్కొక్కరి రక్తంలో ముంచే ఆ ఘట్టంలో తర్కం కాంప్‌బెల్‌దే, ఫలితమూ కచ్చితమే. కాని పరీక్షకు కాస్త ముందు మాక్‌రెడీ తన మీదికి వచ్చిన క్లార్క్‌ను కాల్చి చంపాడు. పరీక్ష క్లార్క్ రక్తం మనిషిదేనని తేలుస్తుంది. విజ్ఞానం సత్యాన్ని చెప్పింది, కాని చెప్పింది ఒక శవం గురించి. చివరికి కాలిపోతున్న శిబిరం ముందు మిగిలిన ఇద్దరిలో ఎవరు ఎవరో ఇద్దరికీ తెలియదు. పరీక్ష చేయడానికి పనిముట్లు లేవు, ఓపికా లేదు.

1951 నాటి వలయం ఈ చిత్రంలోనూ కనిపిస్తుంది. అయితే అది ప్రత్యక్ష దృశ్యం కాదు. అప్పటికే నాశనమైన నార్వే శిబిరంలో దొరికిన వీడియో టేపులో, చనిపోయినవారు మంచు మీద చేతులు చాచి నిలబడి ఉంటారు. మునుపటి చిత్రానికి నివాళిగా దీనిని చెప్పుకోవడం పరిపాటి. నివాళి అవునుగాని, అంతకుమించి ఒక రసపరిణామం ఇందులో ఉంది. ఒకనాడు కర్మగా ఉన్నది ఇప్పుడు చూడటానికి మాత్రమే మిగిలింది.

చిత్రం విడుదలైన వేళ సమీక్షకులలో పలువురు ఆక్షేపించినది దానిలోని జుగుప్సనే. రాబ్ బాటిన్ రూపొందించిన దేహవికృతులు కథను మింగేశాయన్నారు. రెండు వారాల ముందే స్పీల్‌బర్గ్ 'ఇ.టి.' వచ్చి, గ్రహాంతర ప్రాణిని పసిపిల్లల నేస్తంగా చూపిన వేసవి అది. అద్భుతం కోసం సిద్ధపడిన ప్రేక్షకునికి బీభత్సం వడ్డించినట్టయింది. భరతుడు భయాన్ని స్త్రీలకు, నీచ ప్రకృతులకు, ఉత్సాహాన్ని ఉత్తమ ప్రకృతులకు కేటాయించాడు. 1930ల చిత్రాలలో కేకలు వేసే పని స్త్రీలదే కావడం ఈ విభజనకు దగ్గరగానే ఉంది. కార్పెంటర్ చిత్రంలో తెర మీద స్త్రీ పాత్రే లేదు. డాక్టర్లు, పైలట్లు, పరిశోధకులు అయిన పన్నెండుగురు పురుషులకే ఆ భయమంతా పంచిపెట్టడం వల్ల, భయం ఎవరి ప్రకృతి అన్న పాత ప్రశ్నకు సమాధానం మారింది.

సరిహద్దును జరిపిన చట్రం

సరిహద్దు ఎంత సన్ననిదో 'ఇన్వేజన్ ఆఫ్ ద బాడీ స్నాచర్స్' చరిత్ర చూపుతుంది. డాన్ సీగెల్ 1956లో తీసిన ఈ చిత్రంలో ఒక చిన్న పట్టణంలోని మనుషుల స్థానంలోకి, పెద్ద కాయల నుంచి పుట్టిన నకళ్లు వస్తాయి. తప్పించుకున్న డాక్టరు రహదారి మీద వాహనాల మధ్య పరుగెత్తుతూ ప్రేక్షకుల వైపు తిరిగి హెచ్చరించడంతో చిత్రం ముగియాలన్నది సీగెల్ ఆలోచన. నిర్మాణ సంస్థ అందుకు ఒప్పుకోక ఆదిలో ఒకటి, అంతంలో ఒకటి రెండు ఘట్టాలు చేర్పించింది. వాటిలో ఆ డాక్టరు తన కథను ఆసుపత్రిలో వినిపిస్తాడు. చివరికి సాక్ష్యం దొరికి అధికారులు నమ్ముతారు, టెలిఫోను అందుకుంటారు. లోపలి కథలో ఒక్క దృశ్యం కూడా మారలేదు. తెలివిడి కర్మగా మారే వీలును ఆ చట్రం కల్పించింది, అంతే. దానితో భయానక చిత్రం విజ్ఞాన కల్పనగా ముగిసింది. 1978లో ఫిలిప్ కాఫ్‌మన్ తిరిగి తీసినప్పుడు ఈ చట్రం లేదు. నమ్మదగిన చివరి మనిషి వేలెత్తి చూపి అమానుషంగా అరిచే దృశ్యంతో ఆ చిత్రం ఆగిపోతుంది. వికృత ధ్వని భయానక విభావాలలో మొదటిదన్న సంగతి ఇక్కడ గుర్తుకు రాక మానదు.

కాలం గడిచేకొద్దీ చిత్రాలు విజ్ఞాన కల్పన నుంచి భయానకంలోకి జారాయని వీటిని బట్టి అనుకోరాదు. 'ద ఫ్లై' విషయంలో అది నిజమే. 1958 చిత్రంలో ప్రయోగం వికటించి మనిషికి ఈగ తల వస్తుంది. 1986లో డేవిడ్ క్రోనెన్‌బర్గ్ చిత్రంలో శాస్త్రజ్ఞుడు తన దేహం ఏమవుతున్నదో కంప్యూటరు ద్వారా కచ్చితంగా తెలుసుకుని, రాలిపోయిన తన అవయవాలను మందుల బీరువాలో భద్రపరుస్తూ, తన పతనాన్ని తానే నమోదు చేసుకుంటాడు. తెలివిడి సంపూర్ణం, చేత శూన్యం. కాని 'ఏలియన్' దీనికి ఎదురు దిశలో నడిచింది. 1979లో రిడ్లీ స్కాట్ తీసినది శూన్యగృహంలాంటి ఓడలో సాగే భయానకం. 1986లో జేమ్స్ కామెరాన్ అదే ప్రాణిని తీసుకుని వీరరస ప్రధానమైన యుద్ధచిత్రం చేశారు. ప్రాణి మారలేదు, దాని ముందు నిలబడిన మనుషుల చేతులు మారాయి.

ఈ ప్రతిపాదనకు లొంగని చిత్రాలున్నాయి. రాబర్ట్ వైజ్ 1951లో 'ద డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్' తీసిన దర్శకుడు. ఆయనే 1963లో 'ద హాంటింగ్' తీశారు. అందులో బీభత్సం మచ్చుకైనా లేదు. తలుపుకు అవతల వినిపించే చప్పుడు, ఉబ్బే చెక్క తలుపు, పాత భవంతి. ఇంతే సామగ్రి. భయానకం బీభత్సం నుంచే పుడుతుందన్న జన్యజనక నియమం ఇక్కడ నిలవదు. అయితే భరతుడే వికృత ధ్వనిని, శూన్యగృహాన్ని స్వతంత్ర విభావాలుగా చెప్పాడు కనుక, జన్యజనక సంబంధాన్ని ఏకైక మార్గంగా గాక ముఖ్య మార్గంగా గ్రహించడం ఉచితం. కర్మ దర్శనాల భేదం మాత్రం ఈ చిత్రానికీ వర్తిస్తుంది. ఆ భవంతిని పరిశోధించడానికి వచ్చిన శాస్త్రజ్ఞుడు అందులో వినడం, చూడటం మినహా ఏమీ చేయలేడు.

తెలుగు విమర్శలో

తెలుగు ప్రేక్షకునికి పరిచితమైన ఒక చిత్రంతో దీనిని పోల్చవచ్చు. 1993 నాటి మలయాళ చిత్రం 'మణిచిత్రత్తాళు' నుంచి వచ్చిన కథాపరంపరలో, 2005 నాటి తమిళ చిత్రం 'చంద్రముఖి' అనువాదంగా తెలుగునాట విశేషంగా ఆడింది. అందులో దయ్యం లేదు. ఆవహించినట్టు కనిపించేది మానసిక రుగ్మత అని కథానాయకుడైన మనోవైద్యుడు విప్పి చెబుతాడు. అయినా ప్రేక్షకులు దానిని దయ్యం సినిమాగానే తలుచుకున్నారు. విమర్శకులు దీనిని ప్రేక్షకుల వెనుకబాటుగా భావించడం న్యాయం కాదు. ఆ వైద్యుడు చికిత్సకు మంత్రవాది సహాయాన్నీ, పగ తీరినట్టు భ్రమ కల్పించే ఏర్పాటునూ ఆశ్రయిస్తాడు. వివరణ శాస్త్రానిది, కర్మ తంత్రానిది. ప్రేక్షకుని రసానుభవం వివరణ వెంట గాక కర్మ వెంట పోయింది.

సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' (1991)కు విజ్ఞాన కల్పనగా ఉన్న పేరు మరో విధంగా సమర్థనీయం. దానిలోని కాలయంత్రం పనితీరు ఏ భౌతికశాస్త్రవేత్తనూ ఒప్పించదు. అయితే 1526 నాటి రాయల సభ, 2504 నాటి ప్రపంచం, వాటి మధ్య తిరిగే యంత్రం భరతుడు అద్భుతానికి చెప్పిన సభ, విమానం, మాయలకు అచ్చంగా సరిపోతాయి. ఏ కాలంలో చిక్కుకున్నా పాత్రలకు చేయడానికి ఏదో ఒక పని ఉంటుంది. అణుధార్మికత వల్ల మనుషులు భూగర్భంలో బతికే భవిష్యత్ భాగం భయానకానికి తగిన వస్తువే అయినా, చిత్రం అక్కడ కూడా విస్మయాన్నే ఎంచుకుంది.

ఇక 1980ల తొలినాళ్లలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' రేపిన వివాదం. ఆ నవలను 'క్షుద్ర సాహిత్యం' అన్నవారూ, అందులో హిప్నాటిజం, వైద్యం కూడా ఉన్నాయని సమర్థించినవారూ ఒకే ప్రమాణాన్ని వాడారు. పసిపాపకు కలిగిన బాధకు రచన ఏ కారణం చెబుతున్నది, చేతబడా లేక శాస్త్రమా అన్నదే ఇరుపక్షాల ప్రశ్న. నవలలో మంత్రం, హిప్నాటిజం, వైద్యం మూడూ పాపను కాపాడటానికి సమాంతరంగా సాగుతాయి. కారణాన్ని ప్రమాణంగా తీసుకున్నంతకాలం ఎవరికి కావలసిన పుటలు వారికి దొరుకుతూనే ఉన్నాయి, వాదం తెగలేదు. ఆ మూడింటిలో ప్రతిదానికీ రచన ఎంత చేతను ఇచ్చింది, పాఠకుణ్ణి ఎంతసేపు కేవలం చూస్తూ ఉండమన్నది అన్న లెక్క ఇరుపక్షాలలో ఎవరూ తీయలేదు. విజ్ఞానం పేరుతో వచ్చిన పాత్రలు ఆ నవలలో మాటలాడే పుటలెన్ని, పని చేసే పుటలెన్ని అన్నది అక్కడినుంచి మొదలుపెట్టవలసిన పరిశోధన.